సెల్‌బోర్న్ ఉత్తరాలు

అడవి మీద ప్రేమతో రాసినవాటిని మనం సాహిత్యం అరలో సర్దేస్తాం. పక్షుల గురించి నికరంగా తెలుసుకోవాలంటే మాత్రం శాస్త్రగ్రంథం తియ్యమంటాం. ఈ విభజన చరిత్రకు నిలవదు. ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్ ప్రాంతపు పల్లె సెల్‌బోర్న్ ఇందుకు సాక్ష్యం. 1720లో అక్కడే పుట్టి, చర్చి కొలువు చేసుకుంటూ బతికిన గిల్బర్ట్ వైట్ 1789లో ఒక పుస్తకం వేశాడు. జంతుశాస్త్ర రచయిత థామస్ పెన్నెంట్‌కూ, న్యాయవాది డెయిన్స్ బారింగ్టన్‌కూ ఇరవై ఏళ్లపాటు రాసిన ఉత్తరాలే దాదాపు పుస్తకమంతా. కొన్ని మాత్రం టపాలో వెయ్యకుండా పుస్తకం కోసమే రాసినవి. తన ఊరి వెనక సుద్దకొండ వాలు మీది బీచ్ చెట్లు, అక్కడి పిట్టలు తనకెంత ఇష్టమో దూరాన ఉన్న ఇద్దరు మిత్రులకు చెప్పాలన్న తపన ఆ ఉత్తరాల నిండా ఉంది. ఆ తపనే ఆయన చూపునూ వినికిడినీ పదును పెట్టిందని నా వాదన.

అన్నిటికంటే గట్టి ఆధారం ఆకుల మధ్య తిరిగే సన్నపిట్టల కథ. ఆకుపచ్చా పసుపూ కలిసిన రంగులో, బొటనవేలంత ఒళ్లుండే వార్బ్లర్లను అప్పటి ఇంగ్లిష్ పుస్తకాలు సాధారణంగా ఒకే జాతి కింద జమకట్టేవి. అవి మూడు వేరు జాతులని 1768 ఆగస్టులో పెన్నెంట్‌కు రాసిన ఉత్తరంలో వైట్ తేల్చి చెప్పాడు. ఒకటి రెండే స్వరాలను విసుగు లేకుండా తిప్పితిప్పి పాడుతుంది. ఇంకొకటి పైనుంచి కిందికి జారే మెత్తని పాట పాడుతుంది. మూడోది, వాటిలో పెద్దది, ఎత్తయిన బీచ్ చెట్ల కొనల్లో రెక్కలు వణికిస్తూ మిడత చప్పుడులాంటి శబ్దం చేస్తుంది. చంపి తెచ్చిన నమూనాలు కూడా ఆయన దగ్గర ఉన్నాయి కదా, తేల్చింది అవే కావచ్చు కదా అనవచ్చు. నిజమే, ఆయన తుపాకీతో పిట్టలను సేకరించే కాలపు మనిషే. కానీ చచ్చిన పిట్టలు అంతకుముందు కూడా ఎందరి బల్లల మీదో ఉన్నాయి. మూడు పాటలు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలవడం లేదని విన్నవాడికే, మూడు శరీరాల్ని పక్కపక్కన పెట్టి కొలవాలన్న ఆలోచన పుడుతుంది. అలా వినాలంటే ఒకే అడవిలో ఏళ్ల తరబడి వసంతాలు గడపాలి. ఆ వార్బ్లర్ల దగ్గరి బంధువులు కొన్ని చలికాలంలో ఉత్తరం నుంచి మన తూర్పు కనుమలకు వస్తాయి. రంగు చూసి చెప్పలేక పిలుపు కోసం చెవి ఒగ్గే మన పక్షి పరిశీలకులు ఈనాటికీ అనుసరిస్తున్నది ఆ పద్ధతినే.

ప్రేమ కళ్లకు గంతలు కడుతుందన్నది ఇంకా బలమైన అభ్యంతరం. దానికి ఆయన ఉత్తరమొకటే జవాబు. సెల్‌బోర్న్ దగ్గర లోసెల్స్ అనే చిన్న తోపులో ఒక ఓక్ చెట్టు ఉండేది. దాని మీద ఏటా రేవెన్ జంట గూడు కట్టేది. శాస్త్రం లెక్కలో ఈ నల్లని పెద్ద కాకి కూడా పాటపిట్టల వర్గంలోదే. ఫిబ్రవరిలో, పక్షి పొదుగుతున్న రోజుల్లో, ఆ చెట్టును నరికారు. రంపం పడుతున్నా తల్లి లేవలేదని, చెట్టుతోపాటు కూలుతూ కొమ్మల దెబ్బలకు చచ్చిపోయిందని వైట్ ఆ ఉత్తరంలో రాశాడు. దీన్ని మనసు కరిగించే కథగా కొట్టిపారెయ్యడం తేలిక. అయితే అదే ఉత్తరంలో, హాంప్టన్ కోర్ట్ దగ్గరి వంతెనకు కొమ్మ లేని 50 అడుగుల మానులు కావలసి వస్తే, అలాంటివి 20 ఆ చిన్న తోపులోనే దొరికాయని కూడా ఉంది. కలప కొలతా పక్షి చావూ రెండూ నమోదు చేసిన ఆ పేజీ, ముదురు చెట్లు ఎందుకు పోయాయో ఏ ఖాతా పుస్తకం కన్నా పూర్తిగా చెబుతుంది.

ప్రేమ వల్ల ఆయన పొరబడ్డాడు కూడా. చలికాలంలో స్వాలో పిట్టలు కొన్నైనా వలస పోకుండా ఎక్కడో దాక్కుని నిద్రపోతాయన్న అనుమానాన్ని చివరిదాకా వదల్లేకపోయాడు. జిబ్రాల్టర్‌లో ఉన్న తమ్ముడు జాన్, పిట్టలు జలసంధి దాటి పోవడం చూశానని రాసినా ఆ అనుమానం తీరలేదు. తను ఎరిగిన పిట్టలు తన ఊరు విడిచి పోవని నమ్మాలన్న కోరిక అందులో ఉందనే అనుకుంటాను. అయినా ఏ తేదీన ఏ గోడ దగ్గర ఆఖరి స్వాలో కనిపించిందో దాచకుండా రాశాడు. ఆ తేదీలే తర్వాతివాళ్లు ఆయన్ను సరిదిద్దడానికి పనికొచ్చాయి. పంచుకోవడంలో ఉన్న బలం ఇదే. బారింగ్టన్ కూడా ఊరకే వినలేదు. తల్లి నుంచి వేరుచేసి పెంచిన లినెట్ పిట్ట పిల్లలు తమ దగ్గర ఉంచిన వేరే జాతి పక్షి పాటనే నేర్చుకుంటాయని 1773లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. పిట్ట పాట పుట్టుకతో వచ్చేదా, నేర్చుకునేదా అన్న ప్రశ్నను ప్రయోగానికి పెట్టిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. ఇక బీచ్ కొనల్లో మిడతలా పాడే ఆ మూడో పిట్ట, వుడ్ వార్బ్లర్, ఇవాళ బ్రిటన్‌లో బాగా తగ్గిపోయి, ప్రమాదంలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాకెక్కింది. దక్షిణ ఇంగ్లండ్ అడవుల్లో ఒకప్పుడు అది మామూలు వేసవి అతిథి అని ఈనాటి పరిశోధకులు చూపించాలంటే, వాళ్లు తియ్యవలసిన పాత సాక్ష్యాల్లో సెల్‌బోర్న్ నుంచి వెళ్లిన ఆ 1768 నాటి ఉత్తరం ఒకటి.