ఒంటిపూట చదువు – కొన్ని చారిత్రక సత్యాలు

పిల్లవాడు రోజుకు ఎన్ని గంటలు బడిలో ఉండాలన్నది బోధనాశాస్త్రం తేల్చవలసిన విషయమని మనం అనుకుంటాం. చరిత్ర తిరగేస్తే, ఆ లెక్క తేల్చినవాళ్లలో బడి బయటివాళ్లే ఎక్కువ. మిల్లు యజమానీ, ఖజానా, కులవృత్తీ తమ వాటా తీసుకోగా మిగిలిన గంటలే పిల్లవాడికి దక్కాయి.

మనకు దగ్గరి ఉదాహరణ 1953 నాటి మద్రాసు. అప్పటికింకా కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకు ఒక కొత్త పథకం తెచ్చారు. దాని ప్రకారం బడి ఐదు గంటలు కాదు, మూడు గంటలే. పిల్లల్ని రెండు జట్లు చేసి ఒక్కో జట్టుకు ఒక్కో పూట చెప్పాలి. బడి లేని పూట పిల్లవాడు ఇంట్లో తండ్రి వృత్తి నేర్చుకోవాలి. చాకలి కొడుకు చాకిరేవులో, కుమ్మరి కొడుకు సారె దగ్గర! ప్రత్యర్థులు దీనికి 'కులవిద్య' అని పేరు పెట్టారు. పెరియార్ అనుచరులు వీధుల్లోకి వచ్చారు.

పథకానికి పైకి చెప్పిన సమర్థన అంత తేలికైనదేమీ కాదు. పదేళ్లలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించే ప్రయత్నం చేయాలని 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఆదేశించింది. డబ్బు లేదు. ఉన్న పంతులుతో, ఉన్న కప్పు కిందనే రెండింతల మందికి చదువు చెప్పవచ్చు. కానీ ఆ పొదుపు ఎవరి ఖాతాలోంచి? తండ్రి అక్షరాస్యుడైన ఇంట్లో బడి వదిలాక కూడా చదువు సాగుతుంది. అక్షరం ఎరుగని ఇంటి బిడ్డకు బడిగంటలే మొత్తం చదువు. కోసిన రెండు గంటలూ కాగితం మీద అందరివీ. నిజానికి ఆ బిడ్డవే.

ఇక్కడ అభ్యుదయవాదులమైన మనకొక చిక్కు ఎదురవుతుంది. బ్రిటన్‌లో 1844 ఫ్యాక్టరీ చట్టం మిల్లు పిల్లలకు సగంపూట పని, సగంపూట బడి ఏర్పాటు చేసింది. ఆ పిల్లలు రోజంతా బడిలో ఉండేవాళ్లకంటే వెనకబడలేదని ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు రాశారు. మార్క్స్ 1867లో 'పెట్టుబడి'లో ఈ నివేదికలను ఉదహరించి, చదువునూ ఉత్పాదక శ్రమనూ కలిపే భావి విద్యకు ఇందులో బీజం ఉందన్నాడు. మరి రాజాజీ చేసిందీ అదేనా? కానే కాదు. మాంచెస్టర్‌లో ఆ సగంపూట బడి శ్రమ నుంచి లాక్కున్నది. మద్రాసులో బడి నుంచి లాక్కుని శ్రమకు ఇచ్చారు. పైగా మార్క్స్ కోరింది మనిషిని ఒకే పనికి జీవితాంతం కట్టేసే శ్రమవిభజన పోవాలని. ఇక్కడ ఆ కట్టునే బిగించారు. 1937 నాటి వార్ధా పథకంలోనూ చేతిపనికి రోజుకు మూడు గంటలకు పైగా కేటాయించారు. అయితే ఆ పని బడిలోనే, ఉపాధ్యాయుడి ఎదుటే జరగాలి, తండ్రి కులంతో దానికి ముడి లేదు. ఈ తేడాను గమనించకుండా గాంధీనీ రాజాజీనీ ఒకే గాటన కట్టే వ్యాసాలు నేను చాలా చదివాను.

1953 జూలైలో పథకాన్ని రద్దు చేయాలన్న తీర్మానం మద్రాసు శాసనసభలో ఓట్లు సరిసమానంగా పడి వీగిపోయింది. నిపుణుల సంఘానికి నివేదించాలన్న తీర్మానం స్వల్ప తేడాతో నెగ్గింది. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. 1954 ఏప్రిల్‌లో రాజాజీ స్థానంలో కామరాజ్ వచ్చారు, మే నెలలో పథకం రద్దయింది.

గంటల సంగతి అక్కడితో తీరిందా? 2009 విద్యాహక్కు చట్టం అయిదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 రోజులు, 800 బోధనా గంటలు ఉండాలంది. భాగించి చూడండి, రోజుకు నాలుగు గంటలు. రాజాజీ కోత పెట్టకముందు మద్రాసు పల్లెబడిలో ఉన్నదానికంటే ఒక గంట తక్కువే! ఆ నాలుగింటిలో కూడా ఎన్నికలకు, జనాభా లెక్కలకు పంతుల్ని తీసుకుపోవడానికి అదే చట్టం అనుమతిస్తోంది.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలు కాగానే నా తరగతి రెండుగా చీలుతుంది. భోజనం కాగానే కొందరు ట్యూషనుకు పోతారు, కొందరు తల్లుల వెంట మిరప కోతకు పోతారు. జూన్‌లో మళ్లీ వచ్చినప్పుడు గుణింతం మరిచిపోయి వచ్చేది ఎవరో నేను పేరుపేరునా చెప్పగలను. పోయిన ఏడాది అలా వచ్చిన అయిదుగురికి జూలై నెలంతా మళ్లీ 'క' గుణింతం దగ్గర్నుంచి మొదలుపెట్టాను.