మల్లుడు గోదా విడిచిన వేళ

అమరకోశమున బాహుయుద్ధమునకు నియుద్ధమని పేరు కలదు. ఆయుధము పట్టక కేవలము భుజబలముచే పోరుట యని దాని భావము. అట్టి పోరున ఏది చెల్లును, ఏది చెల్లదు అను నియమమును మాత్రము కోశకారుడు చెప్పలేదు. అది దేశకాలములను బట్టి మారుచు వచ్చినది.

ఇటీవల కుస్తీలో పేరు గన్న మల్లులు కొందరు తమ గోదాను విడిచి, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అనబడు మిశ్రయుద్ధ క్రీడలో ప్రవేశించుచున్నారు. గ్రుద్దుట, తన్నుట, పడవేయుట, కీళ్లను బంధించుట, కంఠమును బిగించుట, ఇవన్నియు అందు చెల్లును. మన పవిత్రమైన మల్లవిద్యకు ఈ పాశ్చాత్య సాంకర్యమేమి యని నాతో వాదించిన మిత్రులు కలరు. చరిత్ర తెఱచి చూచినచో ఆ వాదము నిలువదు.

విరాటుని కొలువున వంటవాడై యుండిన భీమసేనుడు జీమూతుడను మల్లునితో పోరిన కథ శ్రోతలెఱిగినదే. ఆ పోరున పట్టులతో పాటు పిడికిటి పోటులును మోకాటి తాకులును కలవు. పురాణకథ యని దానిని త్రోసివైచినను, కన్నులార చూచినవారి సాక్ష్యము వేరొకటి యున్నది. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు దేశీయుడు డొమింగో పేస్, మహర్నవమి ఉత్సవములలో మల్లుల పోరును చూచి వ్రాసి పెట్టినాడు. తన దేశపు కుస్తీకిని దీనికిని పోలిక లేదనియు, ఇక్కడ దెబ్బలకు పండ్లు రాలుననియు, కన్నులు పోవుననియు, మాట పడిపోయిన వారిని స్నేహితులు మోసికొని పోవుచుందురనియు ఆతడు చెప్పినాడు. చక్కని పడవేతలును ఉండెనని చేర్చుట మఱువలేదు. దెబ్బయు పట్టును కలిసిన ఈ పోరును మిశ్రయుద్ధ మనక మఱేమందుము? నూనిజ్ అను గుఱ్ఱముల వర్తకుడు ఆ కొలువున కుస్తీ పట్టు స్త్రీలు కూడ ఉండిరని వ్రాసినాడు. స్త్రీలు గోదాలో దిగుట నిన్న మొన్నటి వింత యనువారు ఈ వాక్యమును చూడవలెను.

ఆ మల్లులకు రాజాశ్రయముండెను. శ్రీకృష్ణదేవరాయలు తానే తెల్లవారకముందు నువ్వులనూనె త్రాగి, ఒడలికి అదే నూనె రాచుకొని, మట్టి బరువులెత్తి, కత్తి త్రిప్పి, పిదప తన మల్లులలో నొకనితో కుస్తీ పట్టుచుండెడివాడని పేస్ చెప్పుచున్నాడు. పోషకుడే మల్లుడైనచోట మల్లునికి కూటికి కొదువ యుండదు.

తరువాతి కాలమున పారశీకుల కుస్తీ పద్ధతి మన పద్ధతితో కలిసినది. దెబ్బ తొలగిపోయి, పట్టు మిగిలినది. ఎదిరి వీపు నేలనంటినచో పోరు ముగిసినట్లే. హిందీలో వెల్లకిల పడుటను చిత్ అందురు. చిత్తుగా ఓడించినాడను మన వాడుక మాట ఈ గోదా మట్టిలో పుట్టినదే. మా కె. గంగవరము వైపు వారికి అమలాపురములో దసరా నాటి చెడీ తాలింఖానా ప్రదర్శనలు చిరపరిచితములు. కాని అందు కఱ్ఱయు కత్తియు ప్రధానములు. కుస్తీ పట్టునకు తెలుగునాట పేరు తెచ్చినది ఉత్తరాంధ్రము.

కోడి రామమూర్తినాయుడుగారు 1882లో వీరఘట్టమున జన్మించిరి. విజయనగరమున పినతండ్రిగారి యింట పెరుగుచు మల్లవిద్య నేర్చిరి. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తాము చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులైరి. బడి జీతము మల్లుని ఆహారమునకు చాలునో చాలదో ఉపాధ్యాయ వృత్తి చేసిన నావంటివానికి వేఱుగ చెప్పనక్కఱలేదు. తుదకు పొట్టి పంతులుగారను మిత్రునితో కలిసి ఆయన సర్కసు కంపెనీ స్థాపించిరి. ఱొమ్మునకు ఇనుప గొలుసు చుట్టించుకొని ఊపిరి పూరించి త్రెంచుట, రెండు మోటారు కార్లను త్రాళ్లతో పట్టి కదలనీయకుండుట, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట, ఇట్టి వానితో ఆయన దేశవిఖ్యాతులై కలియుగ భీముడనిపించుకొనిరి. 1942లో పరమపదించిరి.

ఆయన కీర్తికి నేనును చేతులు జోడింతును. అయినను ఒక మాట చెప్పక తప్పదు. సర్కసు డేరా మల్లుని బలమును కొన్నది గాని, మల్లుని విద్యను కొనలేదు. గొలుసు ఎదురు పట్టు పట్టదు. ఏనుగు తప్పించుకొని వెనుకకు రాదు. ఎదిరి మనస్సును కనిపెట్టి, అరనిమిషము ముందుగా అడుగు వేయుటయే కదా గోదాలో నేర్చునది! డేరాలో దానికి చోటు లేదు.

మిశ్రయుద్ధ రంగము అట్లు కాదు. అచట ఎదిరి కలడు. కాని నియమములు తలక్రిందులు. ఈ మార్పును పూర్తిగ చవిచూచిన భారతీయ మల్లురాలు రీతూ ఫోగట్. హర్యానాలోని బలాలీ గ్రామమున 1994లో జన్మించినది. తండ్రి మహావీర్ సింగ్ ఫోగటే గురువు. అక్క గీత 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలలో స్వర్ణము గెల్చినది. రీతూ 2016లో కామన్‌వెల్త్ కుస్తీ పోటీలలో స్వర్ణమును, 2017లో ఇరువదిమూడేండ్లలోపు వారి ప్రపంచ పోటీలలో రజతమును పొందినది. 2020లో జరుగవలసియుండిన టోక్యో ఒలింపిక్ క్రీడలకు ఇంక ఏడాదిన్నర గడువుండగా, 2019 ఫిబ్రవరిలో కుస్తీ విడిచి సింగపూరు చేరినది. ఒలింపిక్ పతకమే పరమావధియైన ఇంట పుట్టి, ఆ ఆశను విడిచి పోవుట సామాన్యమైన సాహసము కాదు. మిశ్రయుద్ధమున భారతదేశమునకు తొలి జగజ్జేతను కావలెనని ఆమె బాహాటముగనే చెప్పినది.

అక్కడ ఆమె నేర్వవలసిన దానికంటె మఱువవలసినది ఎక్కువ. కుస్తీలో తల ముందుకు వంచి, నడుము తగ్గించి చొచ్చుకొనిపోవుట సహజము. ఇక్కడ అట్లు వంగిన తలకు మోకాలు ఎదురగును. కుస్తీలో వీపు నేలనంటకుండ బోరగిల తిరిగి కాచుకొందురు. ఇక్కడ వీపు చూపినచో ఎదిరి చేయి కంఠమునకు చుట్టుకొనును. అన్నిటికంటె విపరీతమైనది మఱొకటి. కుస్తీలో వెల్లకిల పడినవాని పని ముగిసినది. ఇక్కడ వెల్లకిల పడినవాడు రెండు కాళ్లతో మీదివానిని పెనవేసి, చేయి చిక్కించుకొని, కీలు విఱుగునంతగ లాగగలడు. ఒక విద్యలో విజయమైనది వేఱొక విద్యలో ఉరి కావచ్చును.

2019 నవంబరు 16న బీజింగులో ఆమె తొలి పోరు. కొరియా దేశీయురాలు నామ్ హీ కిమ్‌ను తొలి భాగముననే పడవేసి, పైనుండి గ్రుద్ది గెల్చినది. మొదటి నాలుగు పోరులును ఆమెవే. 2021లో ఒక ఓటమి కలిగినను, ఆ యేటి మహాపోటీలో చైనాకు చెందిన మెంగ్ బోను, ఫిలిప్పీన్సుకు చెందిన జెనెలిన్ ఓల్సిమ్‌ను ఓడించి తుదిపోరు చేరినది. ఇంతవఱకు ఇంటినుండి తెచ్చుకొన్న పట్టే ఆమెను మోసినది.

2021 డిసెంబరు 3న సింగపూరులో తుదిపోరు జరిగినది. ఎదిరి థాయి దేశపు స్టాంప్ ఫెయిర్‌టెక్స్. ఆమె కాలితోను పిడికిటితోను పోరు విద్యలలో జగజ్జేత్రిగా నుండినది. కుస్తీ కుటుంబము కాదు. నిలుచుండి పోరినచో స్టాంప్‌దే పైచేయి, నేలమీద నైనచో రీతూదే యని ఎల్లరు నెంచిరి. రెండవ భాగమున పోరు నేలకు దిగినది. అక్కడనే స్టాంప్ రీతూ చేతిని చిక్కించుకొని, మోచేతి కీలు నిలువునట్లు చాచి బంధించినది. రీతూ ఓటమి నంగీకరింపవలసి వచ్చినది.

అన్యవిద్య నేర్చుటకు బయలుదేరినది రీతూ యొక్కతెయే కాదు. పాదముతో తన్ను విద్యలో పేరు గడించిన స్టాంప్, పట్టు విద్యను కొత్తగా అభ్యసించి వచ్చినది. 2023లో ఆమె మిశ్రయుద్ధమునందును జగజ్జేత్రి యైనది.