22 సీట్లు గెలిచిన రైతు పార్టీ ఎటు పోయింది?

మొన్న వినుకొండలో టీ కొట్టు కాడ ఒక కుర్రోడు అన్నాడు, "బాబాయ్, రైతులకి సొంత పార్టీ ఒకటుంటే మన బతుకు ఇట్టా ఉండేది కాదు" అని. ఉండేదిరా, నేను పుట్టకముందే ఉండేది అన్నాను. నమ్మలేదు. అందుకే ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

దాని పేరు కృషికార్ లోక్ పార్టీ. పెట్టింది మన గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషి, ఆచార్య ఎన్.జి.రంగా గారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చిన రైతుబిడ్డ. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు సహజానంద స్వామి అధ్యక్షుడైతే ఈయన కార్యదర్శి. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి నిలబడి సంజీవరెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. ప్రకాశం పంతులు గారితో పాటు బయటికొచ్చారు, ఆ తర్వాత ఆయనతో కూడా విడిపోయి ఈ పార్టీ పెట్టారు. అంటే పార్టీ పుట్టుకలో రైతు బాధ ఎంత ఉందో కాంగ్రెస్ ఇంటి తగాదా కూడా అంతే ఉంది. ఈ మాటంటే కొందరికి కోపం వస్తుంది, తెలుసు.

1952లో వాళ్ల గుర్తు ధాన్యం తూర్పారబట్టే రైతు. (ఇప్పటి పిల్లలకి తూర్పారబట్టటం అంటే ఏందో కూడా చెప్పాల్సిందే.) 375 సీట్ల మద్రాసు శాసనసభలో 15 గెలిచారు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక, 1954 నవంబరులో మద్యనిషేధం మీద పెట్టిన అవిశ్వాసంలో ఒకే ఒక్క ఓటుతో ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది. కల్లుగీత వాళ్ల కోసం పట్టుబట్టిన గౌతు లచ్చన్న గారు ఈ పార్టీ నాయకుడే. ఇక 1955 ఎన్నికలు. కమ్యూనిస్టులు గెలిస్తే భూములు పోతాయని ఒకటే భయం. కాంగ్రెస్, ప్రజాపార్టీ, కృషికార్ పార్టీ మూడూ ఒకటైపోయినయ్. 196 సీట్లలో కాంగ్రెస్‌కి 119, మన రైతు పార్టీకి 22, ప్రజాపార్టీకి 5. కమ్యూనిస్టులకి 15.

మరి ఆ 22 మందితో ఏం చేశారు? లచ్చన్న గారు మంత్రి అయ్యారు. పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1957లో రంగా గారు అదే కాంగ్రెస్ మీద తెనాలి నుంచి పార్లమెంటుకి గెలిచారు. రెండేళ్లు తిరక్కుండా నాగపూర్ కాంగ్రెస్‌లో ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేశారు. రైతు పొలం రైతుది కాకుండా పోతుందని రంగా గారు మళ్లీ బయటికొచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ కట్టి దానికి అధ్యక్షుడయ్యారు. అక్కడ మాత్రం ఆయన్ని తప్పుపట్టను. సొంత చెక్క అంటే ఏందో ఆయనకి తెలుసు.

నా పేచీ వేరే. చిన్నోడు, పెద్దోడు, అందరూ ఒకటే రైతాంగం అనేది ఆయన వాదం. డెల్టాలో కాలవ కింద మాగాణి ఉన్నోళ్ల మధ్య ఆ మాట చెల్లిందేమో. మా వినుకొండ అప్పటికి ఒట్టి మెట్ట. సాగర్‌కి శంకుస్థాపన అయిందే 1955 డిసెంబరులో. కమ్యూనిస్టు పులుపుల శివయ్య గారిని గెలిపించిన ఊరిది. మా తాతకి రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. పొలమున్న రైతు లెక్కలో వేసుకోవాలా, లేనోడి లెక్కలోనా? ఎవరికి ఓటేశాడో చచ్చేదాకా చెప్పలేదు.

1956లో కౌలుదార్ల చట్టం వచ్చింది. మా వైపు మాత్రం కౌలు ఇప్పటికీ నోటిమాటే.

ఇదంతా విని ఆ కుర్రోడు, "అయితే మరి ఆ పార్టీలో కౌలోళ్లు ఉన్నారా బాబాయ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నాకూ తాత లెక్కే, రెండు సొంతం, మూడు కౌలు, మూడింట్లోనూ మిరపే. కౌలు కార్డుకి పొలమాయన సంతకం కావాలి. పోయినేడు చూద్దాంలే అన్నాడు. రేపు మళ్లీ వాళ్లింటికి పోవాలి.