సంపూర్ణ సమర్పణ – దాచుకొన్న భాగాలు

పౌలు రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం విశ్వాసులను తమ శరీరాలనే సజీవయాగంగా సమర్పించుకొమ్మంటుంది. ఆ పిలుపు తర్వాత అక్కడ కనిపించేవి సంఘ పరిచర్య, అతిథుల ఆదరణ, ఆకలిగొన్న శత్రువుకు అన్నం. మరుసటి అధ్యాయంలో పన్నుల చెల్లింపు. బతుకులో ఏ మూలనూ విడిచిపెట్టని సమర్పణ అది. అయినా తర్వాతి చరిత్ర చదివితే, ప్రతి తరమూ ఏదో ఒక భాగాన్ని తన గుప్పిట్లోనే ఉంచుకొని, మిగిలినది దేవునికిచ్చి, అంతా ఇచ్చేశామని నమ్మినట్టు తెలుస్తుంది. భక్తి కొరవడి ఇలా జరగలేదు. తమ కాలానికి మామూలుగా తోచినదాన్ని దేవుని ముందు పెట్టాలన్న ఆలోచనే చాలామందికి రాలేదు.

సుమారు 270లో ఈజిప్టు యువకుడు ఆంథోని, ఆస్తి అమ్మి బీదలకిమ్మన్న సువార్త మాట విని, తండ్రి విడిచిన భూములు వదులుకొని, క్రమంగా ఎడారి దారి పట్టాడు. ఆ దారిన ఎందరో నడిచారు. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠ నియమావళిలో పనిముట్లను సైతం బలిపీఠపు పాత్రలంత పవిత్రంగా చూడమన్నాడు. శారీరక శ్రమను ప్రార్థన సరసన నిలిపిన మలుపు ఇది. కానీ మఠాల గౌరవం పెరిగేకొద్దీ సంపూర్ణ సమర్పణ సన్యాసుల సొత్తయింది. సంసారులు రెండో మెట్టున మిగిలారు. సంస్కర్త మార్టిన్ లూథర్ 1520లో జర్మన్ ప్రభువులకు రాసిన పుస్తకంలో ఆ మెట్లను పడగొట్టాడు. చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు కూడా దేవుని ఎదుట యాజకులేనన్నాడు.

అసలు చిక్కు ఆ తర్వాత మరింత స్పష్టంగా బయటపడింది. 1755 ఆగస్టులో మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో నిబంధన ఆరాధన జరిపినప్పుడు సుమారు 1,800 మంది లేచి నిలబడి తమను దేవునికి అప్పగించుకొన్నారు. ఆ కాలపు ఉజ్జీవంలో ఆయన సహచరుడైన జార్జ్ వైట్‌ఫీల్డ్ బోధకు వేలమంది కన్నీళ్లు పెట్టుకొన్నారు. ఆ వైట్‌ఫీల్డే అమెరికాలోని జార్జియా కాలనీలో బానిసత్వంపై నిషేధం ఎత్తివేయాలని వాదించాడు. 1751లో అది తొలగింది. ఆయన నడిపిన అనాథశరణాలయం బానిసల చాకిరీ మీద సాగింది. ఆయన భక్తి నటన అనడానికి ఆధారం లేదు. అందుకే ఇది మరింత బాధాకరం. ప్రార్థన, ప్రయాణం, ఆరోగ్యం అన్నీ ఇచ్చినవాడు పొలంలో ఎవరు పనిచేస్తున్నారన్న ప్రశ్నను మాత్రం ఇవ్వలేదు. వెస్లీ మాత్రం 1774లో బానిసత్వాన్ని ఖండిస్తూ పుస్తకం రాశాడు.

ఇవ్వడానికి ఏదైనా ఉన్నవాళ్లకే ఈ మాటలన్నీ అని కొందరంటారు. దానికి తెలుగునేలే జవాబు చెప్పింది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. వారి పేదరికాన్ని చూసి కానుకలు అడగకుండా ఉండటం వారిని తక్కువ చేయడమేనని ఆయన భావించాడు. ఆ సంఘాల్లో వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు ప్రభువుకని పక్కన పెట్టిన స్త్రీలు తమ పొయ్యినీ ఆరాధనలోకి తెచ్చారు.

మరో అభ్యంతరం ఇంకా బరువైనది: సమర్పణ పేరుతో నాయకులు విశ్వాసుల ఆలోచనను, డబ్బును, పెళ్లిళ్లను అదుపులో పెట్టుకొంటున్నారు కదా? నిజమే, ఆ దుర్వినియోగం ఉంది. అయితే దేవునికి ఇచ్చినదాన్ని మనిషి లాక్కోవడం ఆ సమర్పణకే విరుద్ధం. 1934 మేలో జర్మనీలోని బార్మెన్‌లో కొందరు క్రైస్తవులు చేసిన ప్రకటన, క్రీస్తుకు కాక వేరే ప్రభువులకు చెందే భాగం మన జీవితంలో ఉందన్న బోధను తిరస్కరించింది. సర్వం దేవునిదైతే హిట్లర్‌కు మిగిలేదేమీ లేదన్నది దాని సారం. అయినా ఆ ప్రకటన యూదుల గురించి మాట్లాడలేదు; దాన్ని ప్రధానంగా రాసిన కార్ల్ బార్త్ 1967లో ఆ లోపానికి విచారం తెలిపాడు. యూదుల పక్షాన సంఘం మాట్లాడాలని 1933లోనే రాసిన జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్‌ను నాజీలు 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు.

కనుక మన సంఘాలు సమర్పణ కూడికల్లో చేతులెత్తించే ముందు, తాము మామూలనుకొంటున్నదేమిటో అడగాలి. ఉదాహరణకు, పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఇంకా కులం అడుగుతున్న కుటుంబం, ఆ ప్రశ్నను కూడా ప్రభువు చేతికి అప్పగించాలి.