హెడ్‌లైటు బల్బు: వెలుగుకు గీసిన హద్దు

మోటారుకారుకు తొలి హెడ్‌లైట్లు గుర్రపుబండ్ల నూనెదీపాలే. వాటి తర్వాత ఎసిటిలీన్ దీపాలు వచ్చాయి. మామిడికాయలను దొంగచాటుగా మగ్గబెట్టడానికి వాడే కార్బైడు గడ్డల మీద నీటిచుక్కలు పడితే పుట్టే వాయువే ఎసిటిలీన్. తెల్లగా, గాలికి తట్టుకుని వెలుగుతుంది. కానీ కార్బైడు నింపాలి, నీళ్లు పోయాలి, చీకటిపడగానే కారు దిగి అగ్గిపుల్ల గీయాలి. 1898లో అమెరికాలో కొలంబియా బ్యాటరీ కారుకు విద్యుత్ దీపాలు వచ్చినా, రోడ్డు కుదుపులకు ఫిలమెంటు నిలిచేది కాదు. కారులో ఇమిడే డైనమో కూడా అప్పటికి కుదరలేదు. 1912లో కాడిలాక్ సంస్థ స్టార్టరునూ దీపాలనూ ఒకే విద్యుత్ ఏర్పాటులోకి తెచ్చాక గ్యాసు దీపాలకు కాలం చెల్లింది.

దారి బాగా కనబడసాగింది కానీ ఎదురొచ్చేవాళ్ల కళ్లు చెదిరాయి. అప్పటి నుంచి హెడ్‌లైటు చరిత్రంతా ఈ రెండింటి మధ్య రాజీయే. వెలుగును కిందికి దించే దీపాలు 1915లో వచ్చాయి. అయితే దించాలంటే బండి ఆపి దిగాల్సిందే. 1917 కాడిలాక్‌లో ఆ పనికి డ్రైవరు దగ్గరే ఒక మీట పెట్టారు. అసలైన పరిష్కారం 1924లో ఓస్రామ్ తెచ్చిన బైలక్స్ బల్బు. దాని గాజుబుడ్డిలో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి రిఫ్లెక్టరు నాభి దగ్గర వెలిగి వెలుగును దూరానికి పంపుతుంది. రెండోది కాస్త ముందుంటుంది, దాని కింద చిన్న రేకుదొప్ప అడ్డు ఉంటుంది. అందువల్ల డిమ్ములో వెలుగు రిఫ్లెక్టరు పైసగానికే తగిలి, అక్కడి నుంచి కిందికి, రోడ్డు మీదికి వాలుతుంది. నేటి హాలోజన్ హెచ్4 బల్బులోనూ ఇదే ఏర్పాటు. ఫిలమెంటు ఒక్క మిల్లీమీటరు జరిగినా ఈ లెక్క చెదురుతుంది. బల్బు మార్పిడి గురించిన నిబంధనలన్నిటికీ మూలం ఈ చిన్న విషయమే.

అమెరికా ఈ చిక్కును మరో దారిలో తప్పించుకుంది. 1940 మోడళ్ల నుంచి అక్కడ సీల్డ్ బీమ్ తప్పనిసరి అయింది. ఫిలమెంటు, రిఫ్లెక్టరు, అద్దం అన్నీ ఒకే గాజు ముద్దగా మూసేసి ఉంటాయి. మాడిపోతే మొత్తం మార్చాల్సిందే, కాబట్టి తప్పుడు బల్బు పెట్టే వీలే లేదు. ఆ భద్రతకు చెల్లించిన మూల్యం వేగం: కొత్త రకం దీపాలు అక్కడికి చాలా ఆలస్యంగా చేరాయి. విడి బల్బుకే కట్టుబడ్డ యూరప్‌లో 1962లో తొలి హాలోజన్ బల్బు హెచ్1 వచ్చింది. మామూలు బల్బులో టంగ్‌స్టన్ ఆవిరై గాజుకు మసిలా పడుతుంది. హాలోజన్ వాయువు ఆ టంగ్‌స్టన్‌ను తిరిగి ఫిలమెంటుకే చేరుస్తుంది. అందుకే ఫిలమెంటును ఇంకా వేడెక్కించవచ్చు, బల్బు నల్లబడదు. 1971లో రెండు ఫిలమెంట్ల హెచ్4 వచ్చి, 60/55 వాట్లు ప్రపంచానికి కొలతగా నిలిచిపోయాయి.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల గుండ్రటి ఏడంగుళాల దీపాలకు హాలోజన్ తగిలించడం ఒకప్పుడు మన దేశంలో పెద్ద ముచ్చట. రిఫ్లెక్టరు, అద్దం, బల్బు కలిపి మార్చినవాళ్లు మంచి పనే చేశారు. హోల్డరులో పట్టింది కదా అని 100/90 వాట్ల బల్బు దూర్చినవాళ్లు చిక్కులు కొనితెచ్చుకున్నారు. 60 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు తీసుకుంటే, 100 వాట్లది 8 ఆంపియర్లు దాటుతుంది. రిలే పెట్టకపోతే స్విచ్చు కాలుతుంది, హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టరు పూత మసకబారుతుంది. మిరుమిట్లు తగ్గించాలని అద్దం పైసగానికి నల్లరంగు పూసే అలవాటు కూడా చాలాకాలం సాగింది. డిమ్ములో వెలుగు వచ్చేదే పైసగం నుంచి కాబట్టి, ఆ రంగు డ్రైవరుకు పనికొచ్చే వెలుగునే మింగేసింది. లారీల వెనక రాసే ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అన్న మాటే ఆ రంగు కన్నా వెయ్యి రెట్లు మేలు.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 106వ నియమం ఈ మిరుమిట్లకు ఒక స్పష్టమైన కొలత పెట్టింది. దీపానికి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిపక్కన, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి దించిన వెలుగు మిరుమిట్లు గొలపకూడదు. ఆ చోటు ఎదురొచ్చే మనిషి కన్నే.

1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో జినాన్ దీపాలు మొదలయ్యాయి. 35 వాట్లకే సుమారు 3,200 ల్యూమెన్లు ఇచ్చే ఈ దీపం ముందు హాలోజన్ చాలా వెనకబడింది. యూరప్ నిబంధనలు 2,000 ల్యూమెన్లు దాటిన డిమ్ము దీపాలకు దానంతటదే ఎత్తు సరిచేసుకునే ఏర్పాటునూ, అద్దం కడిగే ఏర్పాటునూ తప్పనిసరి చేశాయి. బజారులో దొరికే హెచ్‌ఐడీ (జినాన్) కిట్టు అవేవీ లేకుండా హాలోజన్ రిఫ్లెక్టరులోకి వచ్చేసింది. తర్వాత ఎల్‌ఈడీ బల్బులదీ అదే దారి. ఫిలమెంటు సన్నటి తీగ, చుట్టూ వెలుగు చిమ్ముతుంది. ఎల్‌ఈడీ చిప్పులు పలక మీద రెండు పక్కలకు అతికి ఉంటాయి. రిఫ్లెక్టరు ఎదురుచూసే చోట వెలుగు పుట్టదు, డిమ్ము వెలుగు పై అంచు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. జర్మనీ 2020లో ఎల్‌ఈడీ మార్పిడి బల్బుకు అనుమతి ఇచ్చినా, పరీక్షించి ఒప్పుకున్న కారు మోడళ్లకే పరిమితం చేసింది. సరైన పద్ధతి అదే.

మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

కాబట్టి బల్బు కొనేటప్పుడు కారు పుస్తకంలో ఉన్న రకం, అవే వాట్లు చూసి కొనాలి. వెలుగు చాలలేదంటే ముందు పసుపెక్కిన అద్దాన్ని, మసకబారిన రిఫ్లెక్టరును, దీపం ఎత్తును, పాత వైరింగును చూపించాలి. బల్బుకు అందే వోల్టేజీ 5 శాతం తగ్గితే హాలోజన్ వెలుగు దాదాపు 16 శాతం పడిపోతుంది.