కృష్ణానది: మత్స్యరక్షణకై కనీస ప్రవాహము

నదికి అడ్డముగా కట్ట వేసినపుడు, దిగువకు ఎంత నీరు విడిచినచో అందలి చేపలు తిరుగుటకును, గ్రుడ్లు పెట్టుటకును, పిల్లలు ఎదుగుటకును వలసిన లోతు, వేగము, చల్లదనము నిలుచునో, ఆ పరిమాణమునకు కనీస ప్రవాహమని పేరు. ఇటీవలి వారు దీనినే పర్యావరణ ప్రవాహమందురు. ఈ లెక్క పుట్టినది కొండవాగులలో. కృష్ణానది విషయమున మాత్రము అది సహ్యాద్రి శిఖరములయందు మొదలై, విజయవాడ వన్ టౌనులో ఇంద్రకీలాద్రి పాదమునొద్ద తేలవలసిన లెక్క యైనది.

సుమారు 1,300 మీటర్ల యెత్తున మహాబలేశ్వరమునొద్ద పుట్టిన కృష్ణ దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రవహించి హంసలదీవి చెంత సముద్రమున కలియును. దాని ఎగువ ఉపనదులలో గులకరాళ్లపై జోరుగా పారు నీటిని కోరు మహాశీరు జాతి చేప యొకటి కలదు. భీమా పరీవాహమున పుణె వద్దనున్న మూలా-ముఠానదిలో దీనిని చూచి 1839లో శాస్త్రలోకమునకు ఎరుకపరచినవాడు సైక్స్. అట్టి వాగుల నీటినే 20వ శతాబ్దిలో టాటా జలవిద్యుత్ కేంద్రములును, పిదప కోయ్నా ప్రాజెక్టును పడమటికి మరల్చినవి. తూర్పువాలున కురిసిన వాన సొరంగములగుండ కొంకణమునకు దిగి, విద్యుత్తునిచ్చి, అరేబియా సముద్రమున కలియుచున్నది. ఆ మేరకు ఆ నీరు బెజవాడకు రాదు. కోయ్నాకు ఏటా 67.5 టీఎంసీల మళ్లింపును, నదీజలములను రాష్ట్రములకు పంచిన బచావత్ న్యాయమండలియే అంగీకరించినది. (టీఎంసీ యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు.)

ఇక దిగువ కొన. ఇంద్రకీలాద్రికిని ఆవలియొడ్డు సీతానగరపు కొండకును నడుమ 1852లో ఆరంభమై 1855లో ముగిసిన ఆనకట్టను, కాటన్ దొర సంకల్పము ననుసరించి, కెప్టెన్ ఛార్లెస్ ఆర్ కట్టించెను. చేపల సంగతి ఆ కాలపు ఇంజనీర్లకు తట్టనే లేదనుట సరికాదు. కట్టినపుడు కాకున్నను తరువాత తట్టినది. పెద్దనదుల ఆనకట్టలు పులస ఎగువకు పోవుటకు అడ్డగునేమో యను శంకను 1867లో లేవదీసినవాడు కాటనే. ఆ విచారణకు పూనుకొన్న ఫ్రాన్సిస్ డే 1873లో భారత, బర్మాదేశముల మంచినీటి చేపలపై సమగ్ర నివేదిక నర్పించెను. సముద్రముననున్నంత కాలము విలసయనబడు ఈ చేప, తొలకరి యెఱ్ఱనీరు తగులగానే గ్రుడ్లు పెట్టుటకై ఏటికెదురీది పులస యగును. కావేరి పాయయైన కొల్లడముపై 20వ శతాబ్ది ఆరంభమున చేపలకై మెట్లు కట్టిరి గాని, పులసకు అవి అక్కరకు రాలేదు. వన్ టౌను వంటింట నేడు ఉడుకు పులస చాలవరకు గోదావరినుండి మంచుపెట్టెలో వచ్చినదే.

పాత ఆనకట్ట 1952లో గండిపడగా, 1954–57 నడుమ 70 ఖానాల ప్రకాశం బ్యారేజి వెలసినది. వేసవిలో దానిపై నిలిచి చూచువారికి ఒకవంక పున్నమి ఘాట్ వరకు నిండిన నీరును, మరొకవంక ఇసుకతిన్నెలును కానవచ్చును. తలుపుల సందులనుండి కారు నీరు తిన్నెల నడుమ మడుగులై నిలుచును. మోకాటిలోతున నిలిచి విసురువల వేయువాడు లాగిన ప్రతిమారును జెల్లలు, పరిగెలు పడుట చూచి నదిలో చేపలకు కొదువలేదని చూపరులు తలతురు. ఎటుపోవుటకును దారిలేక ఒకచోట చేరిన చేపలవి.

కనీస ప్రవాహపు కొలమానము అమెరికానుండి వచ్చినది. మోంటానా, వయోమింగు, నెబ్రాస్కా రాష్ట్రముల ఏరులను పరిశీలించి టెనెంట్ 1976లో ప్రకటించిన పద్ధతి ప్రకారము, సాలుసరి సగటు ప్రవాహములో నూటికి పదివంతులున్న చేప ప్రాణము నిలుపుకొనును, ముప్పదియున్న చక్కగా బ్రతుకును, అరువదియున్న వర్ధిల్లును. సరిగా ఆ యేడే బచావత్ న్యాయమండలి తీర్పు గెజెటున కెక్కుట యొక చిత్రము. నూటికి 75 ఏండ్లు నమ్మదగిన 2,060 టీఎంసీలను అది మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800గా పంచినది. సద్వినియోగముల పట్టికలో చేపల పెంపకము, వన్యప్రాణి రక్షణ యను మాటలుండెను; కాని అవి నీటిని తీసికొని చేయు పనులు, నీటిని నదిలోనే యుంచుట యను పనికి పట్టికలో పేరు లేదు. సముద్రమునకు పోవు నీరెల్ల వృథాయను మాట మనకు అంతగా అలవడినది.

1960కి పూర్వము కృష్ణ ఏటా సగటున 57 ఘన కిలోమీటర్ల నీటిని సముద్రమున కర్పించుచుండగా, 2001–04 నాటి కఱవులో అది ఒక్క ఘన కిలోమీటరునకును లోపడినది. 2010లో బ్రిజేష్ కుమార్ న్యాయమండలి కనీస ప్రవాహమునకని కర్ణాటకకు 7, ఆంధ్రకు 6, మహారాష్ట్రకు 3, వెరసి 16 టీఎంసీలను కేటాయించుటతో నదికే యొక వాటా యేర్పడినది. 2011లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయపు ప్రకటనను నిలిపినది. ఇట్టి కనీస ప్రవాహమునే గంగకు 2018లో వెలువడిన ఉత్తర్వు, పుట్టుచోటి హిమానీనదములనుండి హరిద్వారము వరకు, శీతకాలమున ప్రవాహములో నూటికి 20, వర్షకాలమున 30 చొప్పున ఋతువును బట్టి విధించినది. పులస వంటి చేపకు వేసవి చినుకుకన్న తొలకరి పోటు ముఖ్యము గాన, కృష్ణకు ఆ తీరే తగును.

57 ఘన కిలోమీటర్లలో టెనెంటు చెప్పిన పదవవంతు సుమారు 200 టీఎంసీలు. కేటాయించిన 16 టీఎంసీలను ఏడాది పొడవున సమముగా విడిచిన సెకనుకు సుమారు 500 ఘనపుటడుగులు (క్యూసెక్కులు). 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజి దాటిన 11.43 లక్షల క్యూసెక్కుల వేగముతో ఐనచో, నాలుగు గంటలలోపున చెల్లిపోవును.