పెరికెద్దు కంటలము, మోటారుసైకిలు పెట్టె

మోటారుసైకిలుపై దూరప్రయాణము చేయువారు వెనుకచక్రమునకు ఇరుప్రక్కల రెండు పెట్టెలు తగిలించుకొని పోవుట మీరు చూచియే యుందురు. మా వైరా కూడలిలో కొంతసేపు నిలిచినచో, ఖమ్మమునుండి తల్లాడమీదుగా కొత్తగూడెమునకును, అచ్చటినుండి భద్రాచలమునకును పోవు అట్టి బండ్లు కొన్నియైనను కంటబడును. ఇది పడమటి దేశములనుండి దిగిన క్రొత్త వేషమని కొందఱు తలంతురు. పెట్టె క్రొత్తదే గాని, దానిని పొందుపఱచు విద్య మన దారులలో కొన్ని వందల యేండ్లు నడచినది. ఆ విద్య ఎట్టిది, ఎట్లు మఱుగుపడినది, నేటి పిల్లల ప్రాణరక్షణకు అది ఎట్లు పనికివచ్చును అను మూడు సంగతులను ఈ ప్రసంగమున మనవి చేసెదను. నేనును ఈ దారులలో మోటారుసైకిలుపై తిరుగువాడనే కనుక, చూచిన దానిని చదివిన దానితో జోడించి చెప్పుచున్నాను.

మొదట మాటను చూతము. మన భాషలో పెరిక యనగా గోనెసంచి, పశువు వీపున వేయు మూట. ఆ మూటను మోయు ఎద్దు పెరికెద్దు. జనుపనారతో గోనెలు నేసి, వానిలో ఉప్పును ధాన్యమును నింపి, ఎద్దులపై దేశమున త్రిప్పిన వారికి పెరికవారను పేరు నిలిచినది. ఆ కులమువారు నేటికిని ఖమ్మము, వరంగల్లు, నల్లగొండ సీమలలో ఉన్నారు. ఆంగ్లములో గోనెసంచిని గన్నీ యందురు. ఆ మాటకు మూలము మన దేశపు గోణి శబ్దమే. మోటారుసైకిలు ప్రక్కపెట్టెను ఆంగ్లేయులు పానియరు అని పిలుతురు. అది లాటిను భాషలో రొట్టెలబుట్ట అను అర్థముగల మాటనుండి వచ్చినది. అచ్చట గాడిదపై వ్రేలాడిన రొట్టెలబుట్టయు, ఇచ్చట ఎద్దుపై వ్రేలాడిన ఉప్పుగోనెయు ఒక్క పనియే చేసినవి.

రెండు సంచులను ఒకటిగా కలిపి కుట్టి, పశువు వీపున అడ్డముగా వేసి, చెఱియొక ప్రక్క వ్రేలాడునట్లు చేసినచో దానిని కంటలమందురు. దీని మర్మమంతయు రెండు ప్రక్కల తూకము సరిపోవుటలో నున్నది. ఒక ప్రక్క రెండు మానికలు ఎక్కువైనచో కంటలము జాఱును. జాఱకుండ బిగించి కట్టినచో ఎద్దు వీపు ఒఱసికొని పుండు పడును. పుండు పడిన ఎద్దు బిడారులో నడువలేదు. కావుననే వీపుమీద మొదట మెత్తని గంత పఱచి, దానిపై బరువు వేసెడివారు. గంతకు తగ్గ బొంత యను సామెతను మనము పెండ్లి సంబంధములను గూర్చి ఆడుకొందుము గాని, అది పుట్టినది బరువు మోయు పశువు వీపున. వీపునకు తగిన గంతయు, గంతకు తగిన బొంతయు ఉండవలెనని దాని భావము.

ఈ విద్యను మహావిస్తారముగ నడపినవారు లంబాడీలు. గోలకొండ రాజ్యమునకు 17 వ శతాబ్దమున పలుమాఱులు వచ్చిన టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు 10,000 నుండి 12,000 ఎద్దులు గల బిడారులను వర్ణించినాడు. బియ్యము, ధాన్యము, ఉప్పు వానిపై పోవుచుండెను. ఒక్కొక్క ఎద్దు మోసిన బరువు ఆతని లెక్కను నేటి తూకములోనికి మార్చినచో 150 కిలోల ప్రాంతమున తేలును. ఇఱుకైన దారిలో అట్టి బిడారు ఎదురైనచో బాటసారి అది గడచిపోవువఱకు రెండు మూడు దినములు నిలువవలసివచ్చెడిదట. మజిలీ చేరగనే బరువులన్నియు దింపి, గోనెలను గోడవలె పేర్చి, ఆ గోడ చాటున జనులు నిద్రించెడివారు. తెల్లవాఱగనే మరల ఎత్తవలెను. ఇన్ని వేల కంటలములను ప్రతిదినము దింపి యెత్తుట, తూకము సరిగా కట్టిన వారికే సాధ్యము. 1791–92 సంవత్సరములలో టిప్పు సుల్తానుపై దండెత్తిన కారన్‌వాలిసు ప్రభువు సేనకు ధాన్యము అందించినదియు ఈ లంబాడీ ఎద్దులే. రాజుల యుద్ధములను చరిత్రకారులు వ్రాసిరి; ఆ యుద్ధములకు అన్నము మోసిన వీపులను తలచినవారు తక్కువ.

మనుష్యుని భుజముపై ఇదే విద్య కావడి యైనది. కుంపిణీవారి కాలమున దొరలు ప్రయాణమైనపుడు వారి బట్టలును కాగితములును రెండు పెట్టెలలో పెట్టి, వెదురుబద్దకు చెఱియొక కొన వ్రేలాడదీసి, బోయీలు మోసెడివారు. ఉత్తరదేశమున దీనిని బహంగీ యనిరి. తపాలావారు మూటలను కావడిపై పంపుటచే ఆ మాట తపాలా మాటయై, తపాలాలో వచ్చు మూటను బంగీ యనుట మన పెద్దల నోటను వినబడెడిది. కావడిలోను సూత్రము అదియే. ఒక పెట్టెలో నేమియు లేకున్నను, రెండవ పెట్టెకు సరిపోవు రాయియైనను దానిలో వేయవలసినదే.

ఇట్టి పరువు గల వృత్తి అల్పకాలములోనే క్షీణించినది. సికిందరాబాదునుండి వచ్చిన ఇనుపదారి 1886 లో వరంగల్లు చేరెను. 1888 నాటికి సింగరేణి బొగ్గుకై ఇల్లందును అందుకొనెను. 1889 లో బెజవాడతో కలిసెను. అంతట తీరపు ఉప్పు రైలు పెట్టెలలో ఖమ్మము దిగజొచ్చినది. వేయి ఎద్దుల బరువును రైలు ఒక్క దినమున తెచ్చుచుండగా తండాల ఎద్దులకు పని యేమి మిగులును? 1932 లో నిజాము రైల్వేవారు 27 బండ్లతో మోటారు బస్సులు నడుపుట ఆరంభించిరి. ఆ ప్రాంతముననే వైరా జలాశయము లేచి, క్రింద వరిపొలములు పెరిగి, ధాన్యపు రాసులు ఎద్దు వీపునకు మించినవై బండ్లను, పిదప లారీలను కోరినవి.

వృత్తి పోవుటతో నిలువలేదు. ఆంగ్ల ప్రభుత్వము 1871 లో నేరస్థ జాతుల చట్టమును చేసెను. కాలక్రమమున ఆ చట్టమును, దాని ననుసరించినవియు, దేశమున పలుచోట్ల లంబాడీల మెడపై పడెను. ఊరూర తిరుగుటయే జీవనమైనవారికి, తిరుగుటయే నేరమను ముద్ర వచ్చినది. 1952 లో ఆ చట్టము రద్దయినది. అయినను, దేశమునకు ఉప్పు మోసిన చేతుల నేర్పును ఎవరును కాగితమున కెక్కింపకపోవుటచే, అది తండాలలోని ముసలివారి జ్ఞాపకములలో మాత్రము కొంత మిగిలినది.

ఇక మోటారుసైకిలు సంగతి. రాబర్టు ఫుల్టను అను అమెరికా యువకుడు 1932 లో లండను విడిచి, డగ్లసు అను మోటారుసైకిలుపై మన దేశముమీదుగా తూర్పుదేశములు తిరిగి, 1933 డిసెంబరులో న్యూయార్కు చేరెను. 1937 లో ప్రకటించిన తన పుస్తకమునకు ఒంటరి మనుష్యుని బిడారు అని అర్థమువచ్చు పేరు పెట్టినాడు. ఆ పేరు మనవారికి తగినంతగా మఱి యెవరికి తగును? మన దేశమున 1955 లో మదరాసునందు బులెట్టు మోటారుసైకిళ్లను కూర్చుట ఆరంభమైనది. ఇటలీలో విసెంజి యను పూర్వపు పందెపు రౌతు 1978 లో గివి యను సంస్థను స్థాపించెను. అది ప్రక్కపెట్టెలకు ప్రసిద్ధి కెక్కినది. కాని మన పల్లెలలో అంతటి ప్రసిద్ధి లేకయే ఈ పని చేసినవారు పాలవారు. వెనుకసీటుకు అడ్డముగా ఇనుపకొక్కెము వేసి, చెఱియొక ప్రక్క పాలక్యాను తగిలించి, తెల్లవాఱుజామున వారు వచ్చుట మీరు చూచినదే. నేను గమనించిన పాలవాడు ఒక ఇంట కుడి క్యానునుండి పోసినచో, మఱియొక ఇంట ఎడమ క్యానునుండి పోయును. అది కంటలపు శాస్త్రమే.

ఈ పెట్టెల నెన్నుకొనువారు ముందుగా దారిని చూడవలెను. తారుదారిమీదనే పోవువారికి గట్టి పెట్టెలు మేలు. అవి తాళమునకు లొంగును, వానకు తడియవు. కొత్తగూడెము దాటి, అడవిలోని మట్టిదారులు పట్టువారికి మందపు గుడ్డతో చేసిన మెత్తని సంచులు మేలు. బురదలో బండి జాఱినపుడు రౌతు కాలు నేల కానించును. ఆ కాలు గట్టి పెట్టె క్రింద చిక్కినచో ఎముక విఱుగును. మెత్తని సంచి నలుగునే గాని అంతగా గాయపఱచదు.

రెండవది వెడల్పు. చాల బండ్లకు పొగగొట్టము ఒక ప్రక్కన నుండును. ఆ ప్రక్క పెట్టె మఱికొంత వెలుపలికి జరుగును. అంగడి దినమున పశువుల నడుమను, లారీల నడుమను దూరునపుడు చేతికొమ్మలు దూరినవి గదా యని తలచుట చాలదు. వెనుక వచ్చు పెట్టెయు దూరవలెను. పొగగొట్టమునకు ఆనుకొన్న సంచి కాలిపోవును గావున నడుమ జానెడు ఎడముండవలెను. మూడవది చట్రము. పెట్టె ఎంత గట్టిదైనను, దానిని మోయు ఇనుపచట్రము బండికి సరిగా కుదురనిచో గతుకులలో అతుకు విడిపోవును. గంతకు తగ్గ బొంత యనుట ఇక్కడనే.

కొన్న పిదప దానితో కాపురము చేయవలెను. కాటా తెచ్చి రెండు పెట్టెలను విడివిడిగా తూచుడు. చేయువారు సామాన్యముగ ఒక్కొక్క ప్రక్కపెట్టెకు 10 కిలోలను హద్దుగ చెప్పుదురు. పెట్టె పెద్దదని ఆ హద్దును దాటరాదు. పనిముట్లు, గాలిపంపు మొదలగు బరువైనవి అడుగున, ముందువైపునకు చేర్చవలెను. దుప్పటి, బట్టలు మీదికి. సీటు వెనుక ఎత్తున నిలుచు మూడవ పెట్టెలో తేలికవే యుంచవలెను. అది వెనుక ఇరుసునకు అవతల నుండుటచే దానిలోని బరువు మీటవలె పనిచేసి ముందుచక్రమును తేల్చును. ముందుచక్రము తేలిన బండి వేగమున తల ఊపును. ఆ ఊపు పెరిగినచో రౌతు చేతిలో నిలువదు. పెట్టెలు నింపిన దినమున వెనుక టైరు గాలిని కంపెనీ పుస్తకములో చెప్పినంతకు పెంచి, వేగమును తగ్గింపవలెను. మొదటి 50 కిలోమీటరుల పిదప ఆగి మరలను బిగించి చూడవలెను. గట్టి పెట్టెలోనైనను బట్టలను వేఱొక నీరు చొరని సంచిలో నుంచుట మంచిది. వస్తువుల నడుమ గుడ్డ దూర్చనిచో గతుకులకు ఒండొంటితో ఒఱసికొని పొడియగును.

ఇన్నింటికి మించినది తక్కువ మోయుట. గోదావరిపై భద్రాచలమువద్ద వంతెన 1965 లో తెఱువబడువఱకు యాత్రికులు పడవపై దాటవలసియుండెను. ప్రతి మూటను దింపి యెత్తవలసివచ్చుటచే, అక్కఱలేనిది ఇంటనే నిలిచిపోయెడిది. నేడు దింపి యెత్తు పని లేదు గనుక పెట్టెలో చోటున్నంతవఱకు నింపుట అలవాటైనది. నేను మాత్రము యాత్రనుండి వచ్చిన వెంటనే పెట్టెను తెఱచి, వాడినవానిని వాడనివానిని రెండు కుప్పలుగా పోయుదును. మరమ్మతు పనిముట్లు, మందులు తప్ప, రెండుమాఱులు వాడని కుప్పలో పడిన వస్తువు మూడవసారి నాతో రాదు.

పెద్దలారా, మీ యింటి కుఱ్ఱవాడు మోటారుసైకిలుపై భద్రాచలమునకో అరకులోయకో బయలుదేరునపుడు, పోవలదని మాత్రమే చెప్పిన వినడు. అతని పెట్టెలను రెండు చేతుల ఎత్తి చూడుడు. ఒకటి బరువై యొకటి తేలికయైనచో విప్పించి మరల సర్దింపుడు. మీ తాతగారు కంటలము నెట్లు నింపిరో, గంత నెట్లు పఱచిరో మీకు జ్ఞాపకమున్నచో ఆ మాటయు చెప్పుడు. ఎద్దుల వీపుమీద నేర్చిన ఆ లెక్క ఏ పాఠశాలలోను చెప్పబడుట లేదు. మీరు చెప్పనిచో మీతోనే ఆగిపోవును. చెప్పినచో ఒక కుఱ్ఱవాని ప్రాణము నిలుచును, దేశమునకు ఉప్పు మోసినవారి నేర్పును నిలుచును.